ఉప్పు చెరువు గట్టు మీద నా మొదటి కమిషన్

కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలు ఈ మధ్య నాకు తరచూ ఫోన్ చేస్తున్నారు. నేను ప్రాక్టీసు మానేశానని తెలిసే చేస్తున్నారు. పని లేని మనిషి కాబట్టి ఓపిగ్గా మాట్లాడుతుందని వాళ్ళ ధైర్యం. అందరిదీ ఒకటే ప్రశ్న. "మేడమ్, హైదరాబాదులో ఒక ఆఫీసువాళ్ళు జీతం బాగా ఇస్తారంట గానీ కోర్టులో నోరు తెరవనివ్వరంట. ఇంకో ఆఫీసులో పని నేర్పుతారంట గానీ జీతం ఊసెత్తకూడదంట. ఎందులో చేరమంటారు?"

నేను వెంటనే ఏమీ చెప్పను. నాకు తెలిసినదాంట్లో సగానికి సగం భయం గురించి. జీతం గురించి అడిగిన పిల్లలకి భయం గురించి చెబితే ఏం బాగుంటుంది? అందుకని ఫోన్లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. చదివి మీకు తోచింది చేయండి.

నేను వకీలునైంది ఆలస్యంగా. అంతకుముందు తెనాలిలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ పాఠాలు చెప్పేదాన్ని. మావారిది టైలరింగ్ షాపు. రెడీమేడ్ చొక్కాలు ఊరంతా వచ్చిపడ్డాక ఆ షాపులో మిషన్ల చప్పుడు తగ్గింది. ఎప్పుడో చదివి పక్కన పెట్టిన లా పట్టా దుమ్ము దులిపి, ముప్పై దాటిన చాలా రోజులకి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఎన్‌రోల్ అయ్యాను. అప్పటికి మా పాప మూడో తరగతి. మాది తెనాలి పక్కనున్న అంగలకుదురు. పాప పక్కింటి పిల్లలతో కలిసి రిక్షాలో తెనాలి బడికి వెళ్ళేది.

నాతోపాటే ఎన్‌రోల్ అయిన కుర్రాడు ఒకడుండేవాడు. నాకన్నా చాలా చిన్నవాడు. నన్ను 'అక్కా' అనేవాడు, నాకూ తమ్ముడే అయిపోయాడు. ఇద్దరం కలిసి ఆఫీసులు వెతుక్కున్నాం. మూడు ఊళ్ళు, మూడు ఆఫీసులు.

మొదటిది తెనాలిలోనే. సివిల్ దావాల్లో పేరున్న పెద్దాయన. ఆయన అడ్డప్రశ్నలకి నిలబడ్డ సాక్షి లేడని చెప్పుకునేవాళ్ళు. మేం వెళ్ళేసరికి ఏదో దావా కాగితాల్లో ఉన్నారు. తల ఎత్తకుండానే అన్నారు.

"నా దగ్గర జీతం అన్న మాట లేదు. మొదట్లో కాగితాలు చదవాలి, రాయాలి, నేను కొట్టేస్తే మళ్ళీ రాయాలి. నోరు తెరిచేది ఎప్పుడో నేను చెప్తాను."

"పాపని చదివించుకోవాలండి," అన్నాను.

"అయితే బళ్ళో ఉద్యోగం ఎందుకు మానేశావమ్మా?" అన్నారు. వెటకారం కాదు. నిజంగానే అడిగారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

రెండోది బాపట్లలో. బ్యాంకు బాకీల దావాలు చూసే ఆఫీసు. చల్లటి గది, కంప్యూటర్, నెల మొదట్లోనే జీతం. కానీ చీకటి పడేదాకా కదలకూడదన్నారు. నాకు కుదరలేదు. మా తమ్ముడు చేరాడు.

మూడోది రేపల్లెలో. ఆ ఆఫీసు సీనియర్ గారంత భయస్థుడిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పిడుగంటే భయం, కుక్కంటే భయం. ఆఫీసుకి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి లాగి చూసుకునేవారు. ఉబ్బసం ఉండేది. జేబులో మందు పంపు లేకుండా గడప దాటేవారు కాదు. ఆయన ఉన్నమాట చెప్పారు.

"నెల జీతం నా వల్ల కాదమ్మా. నువ్వు నిలబడిన వాయిదాకి వచ్చినదాంట్లో సగం నీది. కమిషన్లు వస్తే ఆ ఫీజు మొత్తం నీదే."

కమిషన్ అంటే ఏమిటో చెప్పాలి. పొలం తగాదాల్లో జడ్జి గారు ప్రతి చోటికీ వెళ్ళి చూడలేరు కదా. ఒక వకీలుని పంపి, అక్కడ ఏముందో చూసి రాసుకురమ్మంటారు. ఆ వకీలే కమిషనర్. రెండు పక్షాల్లో ఎవరికీ చెందని మనిషై ఉండాలి. మామూలుగా కొత్తవాళ్ళకే ఈ పని ఇస్తారు, నాలుగు రాళ్ళు చేతికొస్తాయని, నాలుగు విషయాలు తెలుస్తాయని.

నేను రేపల్లెలో చేరాను. పొద్దున్నే తెనాలిలో రైలెక్కడం, భట్టిప్రోలు మీదుగా రేపల్లెలో దిగడం, సాయంత్రం మళ్ళీ అదే రైలు. బాపట్ల నుంచి మా తమ్ముడి రైలు కూడా ఇంచుమించు అదే వేళకి తెనాలి వచ్చేది. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ ఇద్దరం ఆఫీసులు పోల్చుకునేవాళ్ళం. మొదట్లో వాడిదే పైచేయి. వాడు కొత్త బూట్లు కొన్నాడు. నేను అరిగిన చెప్పులకి కుట్లు వేయించుకున్నాను. అయితే కొన్ని నెలలు గడిచేసరికి వాడి మాటల్లో హుషారు తగ్గింది.

"ఇవాళ ఏం చేశావురా?" అంటే, "నిన్న చేసిందే అక్కా. పేరు మార్చడం, ఊరు మార్చడం, ప్రింటు తియ్యడం," అనేవాడు. ఒకరోజు టీ గ్లాసు చేతిలో పట్టుకుని అన్నాడు. "మా ఆఫీసులో నన్నెవరూ ఏమీ అనరు అక్కా. ఏ కోర్టుకీ పంపరు. ఒక్క సాక్షిని కూడా నేను దగ్గర్నుంచి చూడలేదు. రేపు వీళ్ళు పొమ్మంటే నేనేం వకీలునని చెప్పుకోను?"

నా చదువు వేరే రకంగా సాగింది. మా సీనియర్ గారు ఆఫీసులో కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు కాదు. స్టేషన్ నుంచి కోర్టుకి నడుస్తూ, ఆయాసం వస్తే ఆగుతూ చెప్పేవారు. అన్నీ భయాలే. గడువు తేదీ దాటిపోతుందేమోనన్న భయం, సాక్షి ఏం చెబుతాడో తెలియని ప్రశ్న అడుగుతామేమోనన్న భయం. కమిషన్ల గురించి ఆయన చెప్పింది మాత్రం బాగా గుర్తు.

"కళ్ళతో చూసిందే రాయాలమ్మా. ఎవరో చెప్పింది రాయకూడదు. రాసింది అక్కడే అందరికీ వినపడేట్టు చదవాలి. ఏ పక్షంవాళ్ళ బండీ ఎక్కకూడదు. మంచినీళ్ళు కూడా తాగకూడదు."

"మంచినీళ్ళకేముందండీ?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "ముంచేది మంచినీళ్ళే," అన్నారు.

కోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం జడ్జి గారి ముందుకి ఒక దావా వచ్చింది. సముద్రం వైపు ఊళ్ళో కాస్త పొలం ఉన్న ఒక రైతు ఇల్లాలు వేసింది. ఆవిడ చేనికి ఆనుకుని ఒక ఆసామి రొయ్యల చెరువు ఉంది. చేనుకీ చెరువుకీ మధ్య ఉన్న పాత గట్టుని ఆయన పొక్లెయిన్‌తో తవ్వేస్తున్నాడని, ఉప్పునీళ్ళు చేలోకి దిగుతున్నాయని, ఆపమని ఆవిడ ప్రార్థన. అసలు అక్కడ గట్టే లేదని ఆయన వాదించబోతున్నాడని ముందే తెలుసు. పూర్తిగా తవ్వేస్తే ఇక చూడడానికి ఏమీ మిగలదు. అందుకని జడ్జి గారు వెంటనే కమిషనర్‌ని పంపాలనుకున్నారు.

ఆసామి పేరు చదవగానే ముందు వరసలో కూర్చున్న వకీళ్ళు ఒక్కసారిగా కాగితాల్లోకి తలలు దించేశారు. నేను దించలేదు. ఎందుకు దించాలో నాకు తెలియదు.

"మీరు వెళ్తారా అమ్మా?" అన్నారు జడ్జి గారు.

"వెళ్తానండి," అన్నాను. నా ధ్యాసంతా పాప బడి ఫీజు మీదే ఉంది. పక్కన మా సీనియర్ గారి చెయ్యి జేబులో పంపు కోసం వెతుకుతోంది.

వరండాలోకి వచ్చాక ఆయన గొంతు తగ్గించి అన్నారు. "ఆయనెవరో తెలుసా అమ్మా? ఇంతకుముందు ఇంకో తగాదాలో ఆయన చెరువుల మీదకి కమిషన్‌కి వెళ్ళిన వకీలు స్కూటర్ మర్నాడు కాలవలో తేలింది. ఎవరు తోశారో ఇప్పటికీ ఎవరికీ తెలీదు."

చేతిలో ఉన్న కమిషన్ ఉత్తర్వు, వారంట్ అంటారు దాన్ని, మరోసారి చదివాను. "వారంట్ వెనక్కి ఇచ్చెయ్యమంటారా?"

"ఇస్తే తప్పేం లేదు. ఒంట్లో బాగాలేదని మెమో వేద్దాం. కానీ వెళ్తే మాత్రం మధ్యలో తిరిగి రాకూడదు. సగం చూసిన కమిషనర్ కన్నా అసలు వెళ్ళని కమిషనర్ నయం."

ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని మెమో మాటలు మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను. తెనాలి వచ్చేసరికి మెమో పూర్తయింది గానీ, వేస్తే మళ్ళీ ఆ కోర్టులో నన్నెవరూ పిలవరని కూడా తెలిసింది. మావారికి ఏదో పొలం చూడడానికి వెళ్తున్నానని మాత్రం చెప్పాను.

మర్నాడు రేపల్లె నుంచి బస్సులో ఆ ఊరికి వెళ్ళాను. రెండు పక్షాలకీ నోటీసు ముందే అందింది. రావాల్సిన సర్వేయరుకి జ్వరమని కబురు వచ్చింది. ఆవిడ తరఫు వకీలుకి వేరే వాయిదా ఉందట. నాతో వచ్చిన ఫోటోగ్రాఫరు గట్టు మొదట్లో నిలిపి ఉన్న జీపునీ దాని చుట్టూ ఉన్న మనుషుల్నీ చూసి, "కెమెరా బ్యాటరీ అయిపోయిందండి, తెచ్చుకుంటా," అని వెనక్కి తిరిగాడు. అతను మళ్ళీ కనపడలేదు.

చేను దగ్గర ఆ రైతు ఇల్లాలు, ఆవిడ కొడుకు నిలబడి ఉన్నారు. కోతకొచ్చిన చేను. కానీ చెరువు వైపు వరసలన్నీ కాలినట్టు ఎర్రబడిపోయి ఉన్నాయి. పొక్లెయిన్ పని చేస్తూనే ఉంది. దాని చప్పుడుకి గుండెలు అదురుతున్నాయి. నేను చెయ్యెత్తి ఆపమన్నాను. డ్రైవరు నావైపు చూడలేదు. జీపు వైపు చూశాడు.

జీపులోంచి ఆసామి దిగాడు. తెల్లబట్టలు, మెత్తటి మాట. వేలు కదిపాడు, పొక్లెయిన్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం చప్పుడుకన్నా ఎక్కువ భయపెట్టింది.

"రండమ్మా, ఎండలో వచ్చారు. కుర్చీ వెయ్యండ్రా," అన్నాడు. ఎవరో కుర్చీ తెచ్చారు. ఇంకెవరో కొబ్బరిబోండాం కొట్టి చేతికి అందించబోయారు.

"వద్దండి," అన్నాను.

"బోండాంలో ఏం కలుపుతామమ్మా?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని భయం.

టేపు తీశాను. రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. ఆవిడ కొడుకు ముందుకి కదిలితే జీపు దగ్గర మనిషి ఒకడు అడ్డంగా నిలబడ్డాడు. టేపు కొస మీద రాయి పెట్టి నేనే కొలుచుకున్నాను. రాయి జారినప్పుడల్లా వెనక్కి వెళ్ళి మళ్ళీ పెట్టుకున్నాను. అందరూ చూస్తున్నారు. చెమటకి కోటు వీపుకి అతుక్కుపోయింది.

గట్టు చాలావరకు పోయింది. ఉన్న కాస్త ముక్క పక్కన, కొత్తగా తవ్విన మట్టిలో, నరికిన తుమ్మ మొద్దులు వరసగా ఉన్నాయి. లావుపాటివి. కోసినచోట జిగురు ఇంకా తడిగా ఉంది. వేళ్ళు భూమిలోనే ఉన్నాయి. గట్టు లేనిచోట వరసగా అంతంత తుమ్మచెట్లు ఎలా పెరుగుతాయి? ఆ మొద్దులే సాక్ష్యం. నేను వాటి ముందు ఆగడం ఆసామి చూశాడు. దగ్గరికి వచ్చాడు. గొంతు ఇంకా మెత్తబడింది.

"అమ్మా, ఈ మొద్దుల సంగతొక్కటి వదిలెయ్యండి. మిగతాదంతా మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి. నేనేమీ అనను."

నేను మొద్దులు లెక్కపెట్టుకుంటున్నాను.

"మీరు రోజూ తెనాలి నుంచి వస్తారంట కదా. అంగలకుదురు. మావాడు చెప్పాడు. మీవారిది టైలరింగ్ షాపంట. పాప రిక్షాలో వెళ్తదంట బడికి." కాస్త ఆగాడు. "కాలం బాగాలేదమ్మా. ఆడపిల్ల కదా, జాగ్రత్త."

నిన్న మధ్యాహ్నం వారంట్ తీసుకున్నాను. ఇవాళ మధ్యాహ్నానికి నా పాప రిక్షా ఆయనకి తెలుసు. నా చేతిలో పెన్ను కింద పడింది. వంగి తీసుకోబోయాను. ఆయన కూడా వంగి, పెన్ను తీసి, నాకు అందించాడు.

మీకు నిజం చెబుతున్నాను. ఆ క్షణంలో నాకు న్యాయం గుర్తు రాలేదు, ఆ రైతు ఇల్లాలు గుర్తు రాలేదు. పాప జడలు గుర్తొచ్చాయి. ఒక్క వాక్యమే కదా అనుకున్నాను. ఇప్పుడు ఊరుకుని ఇంటికెళ్ళాక రాద్దాం అని కూడా అనుకున్నాను. అలా అనుకోగానే ఒకటి అర్థమైంది. ఇక్కడ రాయలేనిది నేను ఇంటి దగ్గర అసలే రాయను. ఇంట్లో పాప ఎదురుగా ఉంటుంది.

చెరువు పక్క చేలో ఆడవాళ్ళు కోత కోస్తున్నారు. నేను వాళ్ళవైపు తిరిగి, మొదట రాసిన వాక్యం నుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. గొంతు సన్నగా, పిల్లి కూతలా వచ్చింది. రెండో వాక్యానికి కాస్త పెరిగింది. బళ్ళో వెనక బెంచీ దాకా వినపడేట్టు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన గొంతు అది. వణుకుతూనే ఉంది గానీ వినపడుతోంది. పొక్లెయిన్ ఆగి ఉండడంతో ఆ ఆడవాళ్ళు తలెత్తి చూశారు. ఒకావిడ కొడవలి చేత్తోనే గట్టెక్కింది. ఆవిడ వెనక ఇంకొకరు. రేడియోలో వార్తలు వినడానికి చేరినట్టు చేరారు. వాళ్ళు నాకు సాయం వచ్చారని కాదు. ఏం చదువుతుందో విందామని వచ్చారంతే.

"ప్రస్తుతం మిగిలి ఉన్న గట్టుకి వరసలో, కొత్తగా నరికిన తుమ్మ మొద్దులు ఉన్నాయి. కోసినచోట జిగురు తడి ఆరలేదు," అని రాస్తూనే చదివాను. చదివి ఆయన వైపు తిరిగి, "ఇందులో తప్పేమైనా ఉందాండి?" అన్నాను. అడగాలి, అది నా పని. కానీ ఆ ప్రశ్న నా నోట్లోంచి వస్తుంటే నాకే ఆశ్చర్యమేసింది.

ఆయన మొహంలో ఏమీ మారలేదు. "మీకు కనపడిందేదో మీరు రాసుకున్నారు. నేనేం చెప్తాను," అన్నాడు.

"సంతకం పెడతారా?"

"పెట్టను."

'ప్రతివాది సంతకానికి నిరాకరించారు' అని రాసి, అది కూడా పైకి చదివాను. ఆ రైతు ఇల్లాలు, విన్నవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు వేలిముద్రలు వేశారు. ఆయన జీపెక్కి కూర్చున్నాడు. వెళ్ళలేదు.

బస్సు రోడ్డు దాకా కాలవ గట్టు మీద చాలా దూరం నడవాలి. బస్సు దిగి నేను ఎక్కి వచ్చిన ఆటో వెళ్ళిపోయింది. ఆవిడ కొడుకు మోటార్ సైకిల్ తెచ్చి పక్కన ఆపాడు.

"ఎక్కండమ్మా, రోడ్డు దాకా దింపేసి వస్తాను," అన్నాడు.

ఎక్కాలని నా ఒళ్ళంతా కోరుకుంది. "వద్దు బాబూ," అన్నాను.

వాళ్ళమ్మ మొహం చిన్నబోయింది. "మా బండి మీకు ఆనలేదా అమ్మా?"

"అది కాదండి. నేను మీ బండెక్కితే నేను రాసిందంతా చెడుతుంది. మీకే నష్టం." ఆవిడకి అర్థమయిందో లేదో నాకు తెలియదు. జీపు ఇంజన్ మొదలైంది. నేను నడక మొదలుపెట్టాను.

ఆ నడక గురించి రాయడం కష్టం. ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేలు. జీపు నా వెనకాలే, నా నడక వేగంతోనే వస్తోంది. హారన్ కొట్టరు, దాటి వెళ్ళరు. వెనక్కి తిరిగి చూడకూడదని పళ్ళు బిగబట్టుకుని నడిచాను. కాలవలో తేలిన స్కూటర్ గుర్తొచ్చింది. నాకు ఈత రాదు. కాగితాల సంచి గుండెకి అదుముకున్నాను. మధ్యలో ఒకసారి చెప్పు కుట్టు తెగిపోయింది. వంగి సరిచేసుకోవడానికి ధైర్యం చాలక, రెండు చెప్పులూ వదిలేసి ఉత్త కాళ్ళతో నడిచాను. వెనక టైరు చెప్పుల మీదుగా ఎక్కిన చప్పుడు వినపడింది.

అంతలో ఎదురుగా దుమ్ము లేపుకుంటూ ఒక ఆటో వచ్చింది. అందులోనూ ఆయన మనుషులే ఉన్నారనుకున్నాను. ఆటో నా ముందు ఆగింది. లోపల మా సీనియర్ గారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో మందు పంపు. ఎగశ్వాసతో మాట రావడం లేదు. కుక్క అరిస్తే రోడ్డు దాటని మనిషి, అంత దూరం ఒక్కరే ఆటో మాట్లాడుకుని వచ్చారు. నన్ను చూశారు. నా వెనక జీపుని చూశారు. గొడుగు కర్ర ఆసరాగా సీట్లో పక్కకి జరిగారు.

"ఎక్కమ్మా."

ఎక్కాను. జీపు కాసేపు అక్కడే నిలబడి, తర్వాత వెనక్కి తిరిగింది. ఆటో రోడ్డెక్కింది. పంపు రెండుసార్లు పీల్చి, ఊపిరి కుదురుకున్నాక ఆయన అడిగిన మొదటి మాట, "వాళ్ళ దగ్గర ఏమన్నా తాగావా?"

"లేదండి. బోండాం ఇచ్చారు. వద్దన్నాను."

"బతికించావు," అన్నారు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆటోవాడు అద్దంలోంచి చూసి మొహం తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చి మావారికి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు కత్తెర చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. మానెయ్యమంటారనుకున్నాను. "రేపటి నుంచి పాపని నేను సైకిల్ మీద దింపుతాను," అన్నారంతే. కొన్ని నెలలు అలాగే దింపారు. ఆ నెలల్లో గేటు చప్పుడైతే చాలు, నేను ఉలిక్కిపడేదాన్ని. పాప కాస్త ఆలస్యంగా వస్తే వీధి మలుపు దాకా పరిగెత్తేదాన్ని. పాపకి ఏమీ కాలేదు. కానీ ఏమీ కాదని ఆ రోజుల్లో మాకు తెలియదు కదా.

రిపోర్టు దాఖలు చేశాను. అది పక్షపాతమని ఆసామి అభ్యంతరం వేశాడు. నన్ను బోనులో నిలబెట్టి అడ్డప్రశ్నలు వేయడానికి కోర్టు అనుమతి తెచ్చుకున్నాడు. ఆయన తరఫున వచ్చింది ఎవరనుకున్నారు? తెనాలి పెద్దాయన. ఆ పేరు విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. చెరువు గట్టు మీద నా ఎదురుగా ఉన్నవాళ్ళు మహా అయితే నన్ను కాలవలోకి తోస్తారు. ఈయన నా మాటతోనే నన్ను అబద్ధాలకోరుని చేయగలరు.

మొదట ఆయన మామూలుగా అడిగారు. సర్వేయరు లేకుండా ఎలా కొలిచారు, ఫోటోలు ఎందుకు లేవు. చెప్పాను. తిరుగు ప్రయాణంలో వాది బండెక్కారు కదా అన్నారు. లేదండి అన్నాను. మంచినీళ్ళు? లేదండి. మా సీనియర్ గారు మూల కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు. తర్వాత పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగారు.

"ఆ రోజు అక్కడ మీరు భయపడ్డారా?"

అవునంటే భయంలో రాసిన రిపోర్టు చెల్లదంటారు. కాదంటే అబద్ధం. ఆయన ముందు అబద్ధం నిలవదు.

"భయపడ్డానండి. చాలా భయపడ్డాను."

"భయపడ్డ మనిషికి అన్నీ సరిగ్గా కనపడతాయా అమ్మా?"

నేను ఆలోచించి చెప్పింది కాదు. నోటికొచ్చింది చెప్పాను. "కనపడతాయండి. పాము కనపడ్డ మనిషి దాని మీదనుంచి చూపు తిప్పదు కదండీ. ఆ మొద్దులు నాకు అలా కనపడ్డాయి. జిగురుకి పట్టిన చీమలు కూడా గుర్తున్నాయి."

హాల్లో ఎవరో దగ్గారు. జడ్జి గారు రాసుకుంటున్నారు. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని నన్ను కాసేపు చూశారు. "ఇక ప్రశ్నలు లేవు," అని కూర్చున్నారు.

బయట వేపచెట్టు కింద ఆయనే నా దగ్గరికి వచ్చారు. "ఆ ఆఖరి ప్రశ్న నేను అడక్కుండా ఉండాల్సింది. మా కుర్రాళ్ళు అలాంటిది అడిగితే నేను ఫైలు మొహాన కొట్టేవాణ్ణి," అన్నారు. తర్వాత, "మా ఆఫీసుకి వస్తావా? జీతం ఇస్తాను. తెనాలిలోనే కాబట్టి రైలు బాధ తప్పుతుంది," అన్నారు.

ఆ మాట కోసం ఒకప్పుడు నేను ఏమైనా ఇచ్చేదాన్ని. మా సీనియర్ గారిని అడిగితే, "వెళ్ళమ్మా. ఆయన దగ్గర నేర్చుకునేది చాలా ఉంది," అన్నారు, తాళం చెవులు చేతిలో తిప్పుకుంటూ. ఆలోచించుకున్నాను. తెనాలి పెద్దాయన నాకు వాదించడం నేర్పగలరు. కానీ నేను కాలవ గట్టు మీద ఒంటరిగా నడుస్తుంటే ఆటో కట్టించుకుని రారు. నేను రేపల్లెలోనే ఉండిపోయాను. అది తెలివైన నిర్ణయమో కాదో ఇప్పటికీ చెప్పలేను. పెద్దాయన దగ్గర పనిచేసినవాళ్ళు హైకోర్టు దాకా వెళ్ళారు.

కోర్టు తవ్వకాన్ని ఆపింది. ఆసామి మట్టి పోయించి గట్టు తిరిగి కట్టాల్సివచ్చింది. ఆ ఏడు ఆవిడకి సగం పంటే దక్కింది. ఉప్పు దిగిన వరసలు తర్వాత రెండు మూడు పంటల దాకా తేరుకోలేదు. బాపట్లలో మా తమ్ముడి ఆఫీసు నుంచి బ్యాంకు తన దావాలన్నీ వేరే వకీలుకి మార్చుకుంది. వాడి జీతం ఆగింది. వాడు ఏడాది పాటు రోజూ మా కోర్టు వెనక బెంచీ మీద కూర్చుని, సాక్షుల్ని ఎలా అడుగుతారో చిన్నపిల్లాడిలా చూశాడు. తర్వాత మంచి వకీలే అయ్యాడు. కానీ వాడి జుట్టు ఆ ఏడాదిలోనే నెరిసింది.

తీర్పు వచ్చిన కొన్నాళ్ళకి రేపల్లె స్టేషన్‌లో తెనాలి రైలు కోసం కూర్చుని ఉన్నాను. తెల్లబట్టలు కనపడ్డాయి. ఆసామి. ఒక్కడే వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ప్లాట్‌ఫారం మీద ఎవరెవరున్నారో ఒక్కసారి కలియజూశాను.

"నమస్కారమమ్మా," అన్నాడు. అదే మెత్తటి గొంతు. "మా అన్నదమ్ముల మధ్య పొలం తగాదా ఒకటి దావా దాకా వచ్చింది. మీరే చూడాలి. ఫీజు మీరెంతంటే అంత. ముందే ఇచ్చేస్తా."

నాకు మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నేనా అండి?"

"మిమ్మల్ని భయపెట్టినా లొంగలేదు కదమ్మా. రేపు మా అన్న కూడా అదే పని చేస్తాడు. నాకు మీలాంటి వకీలు కావాలి."

ఆయన ఇస్తానన్న ఫీజుతో పాప ఆ ఏడు చదువు, మావారి షాపు అద్దె కూడా గడిచేవి. ఆయన ఎగతాళి చేయడం లేదు. చూస్తే తెలుస్తోంది. నన్ను మెచ్చుకుంటున్నాడు. ఆ మెప్పు ఆ జీపుకన్నా ఎక్కువ భయపెట్టింది.

"నా చేతిలో కేసులు ఎక్కువున్నాయండి. కుదరదు," అన్నాను.

"ఆలోచించుకోండమ్మా," అని నమస్కారం పెట్టి, మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ వారం నాకు ఒక్క వాయిదా కూడా లేదు. రైలు వచ్చి ఆగాక, బెంచీ అంచు పట్టుకుని లేచి, మెల్లగా పెట్టెలోకి ఎక్కాను.